12 లక్షల చుక్కల స్కాటర్ ప్లాట్: పీడీఎఫ్‌లో ఆ పేజీ కనబడటానికి అర నిమిషం పడుతోంది

ప్రశ్న

నా సిద్ధాంత గ్రంథంలో ఒకే ఒక్క బొమ్మ మిగతా 200 పేజీలనూ చదవనివ్వడం లేదు. అది రెండు వరసల్లో రెండేసి చొప్పున నాలుగు స్కాటర్ ప్లాట్లు (ఒక్కో కొలతను ఒక్కో చుక్కగా చూపే పటాలు) ఉన్న బొమ్మ. ఒక్కో ప్లాట్‌లో 3 లక్షల చుక్కలు, మొత్తం 12 లక్షలు. పైథాన్‌లో బొమ్మలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌తో గీసి పీడీఎఫ్‌గా సేవ్ చేశాను; దాన్నే, గ్రంథాన్ని కూర్చడానికి వాడుతున్న లేటెక్‌లో పేజీ వెడల్పుకు సరిపోయేలా చేర్చాను. పేజీలు దొర్లిస్తూ అక్కడికి రాగానే వ్యూయర్ బిగుసుకుపోతుంది. చుక్కలు పై ఎడమ ప్లాట్‌లో మొదలై గుంపులు గుంపులుగా కనబడుతూ, నాలుగో ప్లాట్ పూర్తయ్యేసరికి దాదాపు అర నిమిషం గడుస్తుంది. కాస్త పెద్దది చేసి చూద్దామని జూమ్ నొక్కితే మళ్లీ మొదటి నుంచి అదే తంతు.

వివరాలు ఇవి. బొమ్మ కొలత 12 అంగుళాల చతురస్రం, అందులో ఒక్కో ప్లాట్ అక్షాల మధ్య భాగం సుమారు 5 అంగుళాలు. చుక్క సైజు 4, ఆల్ఫా (చుక్క ఎంత గట్టిగా కనబడాలో చెప్పే అంకె; 1 అంటే పారదర్శకత లేనట్టు) 0.2, ఒక్కో చుక్క రంగు మూడో రాశి అయిన ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. అంచుల సంగతి నేను ముట్టుకోలేదు, మాట్‌ప్లాట్‌లిబ్ ఎలా ఇస్తే అలాగే వదిలేశాను. ఫైలు 19 మెగాబైట్లు.

ఇప్పటిదాకా మూడు ప్రయత్నాలు చేశాను. పీడీఎఫ్ కంప్రెషన్ స్థాయిని 6 నుంచి 9కి పెంచితే ఫైలు 18 మెగాబైట్లకు తగ్గింది గాని, గీయడానికి పట్టే సమయంలో తేడా రాలేదు. బొమ్మ మొత్తాన్ని పీఎన్‌జీగా మార్చితే పేజీ వెంటనే తెరుచుకుంది, కాని అక్షాల మీది అంకెలు జూమ్ చేసినప్పుడు అలుక్కుపోతున్నాయి, బొమ్మలోని పదాలను వెతకడానికీ వీలు లేదు; మా గైడ్ దాన్ని ఒప్పుకోలేదు. ఎస్‌వీజీ అనే మరో వెక్టార్ ఫైలుగా సేవ్ చేసి, అలాంటి బొమ్మలను దిద్దే ఇంక్‌స్కేప్‌లో తెరవబోతే మెమరీ అంతా నిండిపోయి కంప్యూటర్‌నే ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఫైలు చిన్నదైనా వేగం ఎందుకు పెరగడం లేదు? అక్షరాలు, గీతలు వెక్టార్‌గానే (ఎంత పెద్దది చేసినా చెదరని ఆకారాలుగా) ఉంటూ చుక్కలు మాత్రమే పిక్సెళ్ల చిత్రంగా మారే దారి ఉందా? ఒకవేళ ఉంటే, అలా మార్చడం వల్ల కొలతలను మరుగుపరిచానని పరీక్షకులు ఆక్షేపించే అవకాశం ఉందా?

జవాబు 1

ఫైలు బరువు, తెర మీద గీయడానికి పట్టే సమయం రెండూ వేర్వేరు జబ్బులు. మీరు మొదటిదానికి మందు వేసి రెండోది తగ్గలేదంటున్నారు.

పీడీఎఫ్ పేజీ అంటే వ్యూయర్‌కు ఇచ్చే ఆజ్ఞల వరస. మీ ఫైలును క్యూపీడీఎఫ్ అనే పనిముట్టుతో, దానిలోని క్యూడీఎఫ్ ఆప్షన్ వాడి, విప్పి టెక్స్ట్ ఎడిటర్‌లో ఒకసారి చూడండి. తల దగ్గర ఫాంట్ల సంగతులు దాటాక ఒకే తీరు వాక్యాలు అంతులేకుండా కనబడతాయి: మూడు అంకెలతో ఒక రంగు, ఆ తర్వాత ఆరు అంకెలతో స్థానాన్ని జరిపే ఆజ్ఞ, ఆ వెనకే ఒక అచ్చు పేరు, దాన్ని అక్కడ గుద్దమనే ఆజ్ఞ. ఒక్కో చుక్కకు ఇది 60 బైట్లు అనుకున్నా 12 లక్షల చుక్కలకు 7 కోట్ల బైట్లు దాటుతుంది. కంప్రెషన్ ఈ మూటను గట్టిగా బిగించి కడుతుందే తప్ప అందులోంచి ఒక్క ఆజ్ఞనూ తీసేయదు. వ్యూయర్ ముందు మూట విప్పాలి, ఆ తర్వాత 12 లక్షల చుక్కలనూ ఒకదాని తర్వాత ఒకటి గీయాలి. పేజీని ఒక జూమ్ స్థాయిలో గీసిన ఫలితం మరో స్థాయికి పనికిరాదు కాబట్టి మీరు జూమ్ నొక్కిన ప్రతిసారీ ఆ పని మొదటికొస్తుంది.

ఇక ఒక్కో చుక్కలో ఎంత పని దాగుందో చూడండి. పీడీఎఫ్‌లో వృత్తం గీయమని చెప్పే ఆజ్ఞే లేదు. వృత్తాన్ని బెజియే వక్రాలతో కూర్చాలి. మాట్‌ప్లాట్‌లిబ్ తన వృత్తాన్ని ఎనిమిది వక్రాలతో కూరుస్తుంది. ఆ ఆకారాన్ని ఫైలులో ఒకేసారి రాసి అచ్చులా వాడుకోవడం వల్ల బైట్లు మిగులుతాయి గాని, గుద్దిన ప్రతిసారీ ఆ ఎనిమిది వక్రాలనూ పిక్సెళ్లుగా మార్చే శ్రమ వ్యూయర్‌కు తప్పదు. పైగా మీరు అంచులను ముట్టుకోలేదన్నారు. స్కాటర్‌లో అంచు రంగు చుక్క రంగే అవుతుంది కనుక అది విడిగా కంటికి కనబడదు, కాని 1.5 పాయింట్ల మందంతో అది అక్కడ ఉంది. అంటే ప్రతి చుక్కకూ లోపల నింపడం ఒక పని, చుట్టూ గీత గీయడం ఇంకో పని. వీటన్నిటి మీదా ఆల్ఫా ఉంది. చుక్కకు పారదర్శకత లేకపోతే కింద ఏముందో చూడకుండా వ్యూయర్ రంగు పూసేస్తుంది. ఆల్ఫా ఉంటే కింది రంగును చదివి, రెండింటినీ కలిపి, ఫలితాన్ని తిరిగి రాయాలి.

మీరు అడిగిన దారి మాట్‌ప్లాట్‌లిబ్‌లోనే ఉంది. స్కాటర్‌ను పిలిచేటప్పుడు రాస్టరైజ్డ్ అనే ఆప్షన్‌కు ట్రూ ఇవ్వండి. సేవ్ చేసేటప్పుడు డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో, చెప్పండి. పీడీఎఫ్ రాసే భాగం ఆ చుక్కల దగ్గరికి రాగానే తన పని ఆపి, వాటిని ఆగ్ అనే పిక్సెల్ పద్ధతిలో గీయించి, వచ్చిన చిత్రాన్ని పేజీలో సరిగ్గా వాటి చోట అతికించి, మళ్లీ వెక్టార్ పనికి తిరిగి వెళ్తుంది. అక్షాలు, అంకెలు, శీర్షికలు అన్నీ వెక్టార్‌గానే మిగులుతాయి. డీపీఐ ప్రభావం ఆ ఒక్క చిత్రం మీదే. డీపీఐ చెప్పడం మాత్రం మరవకండి. చెప్పకపోతే బొమ్మకు ఉన్న 100 డీపీఐతోనే చుక్కలు ముతకగా వస్తాయి, అది చూసి ఈ పద్ధతే పనికిరాదని వదిలేసినవారు నాకు తెలుసు.

ఒక ప్లాట్‌లో బరువైన పొరలు చాలా ఉంటే ఒక్కోదానికీ ఈ ఆప్షన్ ఇచ్చుకుంటూ పోనక్కరలేదు. వాటి జెడ్‌ఆర్డర్‌ను (ఏ పొర కింద, ఏది పైన అని చెప్పే అంకెను) సున్నాకు కింద పెట్టి, అక్షాల మీద రాస్టరైజేషన్ జెడ్‌ఆర్డర్‌ను సున్నాగా నిర్ణయిస్తే కిందున్నవన్నీ చిత్రంలోకి పోతాయి, పైనున్నవి వెక్టార్‌గా ఉంటాయి.

కొలతలను దాచడం అనే అనుమానం అక్కరలేదు. తెర అయినా ప్రింటర్ అయినా చివరికి పిక్సెళ్లే వేస్తుంది. ఆ పనిని చదివేవారి యంత్రం ప్రతిసారీ చేసే బదులు మీ యంత్రం ఒక్కసారి చేసిపెడుతుంది, అంతే తేడా. వెక్టార్ బొమ్మ నుంచి చుక్కల స్థానాలను తిరిగి రాబట్టుకునే వెసులుబాటు చదివేవారికి పోతుందన్నది నిజమే. కాని అసలు కొలతలను పట్టికగా అనుబంధంలో ఇస్తే వారికి అంతకంటె నయం.

జవాబు 2

పై జవాబులోని పద్ధతి సరైనదే, నేనూ వాడతాను. అయితే అది వేగం సమస్యను తీర్చి, దాని వెనక ఉన్న మరో సమస్యను కప్పేస్తుందని నా భయం. మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేసి చూపిస్తాను.

స్కాటర్‌లో సైజు అంటే వైశాల్యపు కొలత, పాయింట్ల వర్గంలో. 4 అంటే వ్యాసం 2 పాయింట్లు. దానికి 1.5 పాయింట్ల అంచు చేరితే, అంచు గీతలో సగం బయటికి వస్తుంది కనుక, చుక్క అసలు వ్యాసం 3.5 పాయింట్లు. దాని వైశాల్యం సుమారు 9.6 చదరపు పాయింట్లు. 3 లక్షల చుక్కలకు దాదాపు 28.9 లక్షల చదరపు పాయింట్లు. మీ ప్లాట్ 5 అంగుళాలు, అంటే 360 పాయింట్లు. దాని వైశాల్యం 1,29,600 చదరపు పాయింట్లు. చుక్కలు ప్లాట్ అంతటా సమంగా పరుచుకున్నాయనుకున్నా ప్రతి చోటా సగటున 22 పొరలు పడుతున్నాయి. ఆల్ఫా 0.2 కాబట్టి ఒక్కో పొర కిందిదానిలో 80 శాతాన్ని బయటికి కనబడనిస్తుంది. 22 పొరల తర్వాత అడుగున ఉన్న తెలుపు ఒక శాతం కూడా మిగలదు. నిజానికి కొలతలెప్పుడూ సమంగా పరుచుకోవు, నడిమధ్య గుమిగూడతాయి. అక్కడ పొరలు 100 దాటి ఉండవచ్చు. పొరలు 22 అయినా 100 అయినా కంటికి కనబడేది ఒకే గట్టి రంగు. సాంద్రత చూపించడానికే గదా ఆల్ఫా పెట్టారు, ఆ పని అది మీ బొమ్మలో చేయడం లేదు.

రంగు విషయం ఇంకా ఇబ్బందికరమైనది. ఇన్ని పొరలు పడినచోట కనబడే రంగును చివర గీసిన పది పన్నెండు చుక్కలే నిర్ణయిస్తాయి. మీ పట్టిక కాలక్రమంలో ఉంటే మధ్య భాగంలో కనబడుతున్న ఉష్ణోగ్రత చివరి రోజుల ఉష్ణోగ్రత మాత్రమే. వరసను ఒకసారి కలగలిపి మళ్లీ గీసి చూడండి. బొమ్మ రంగు మారిపోతే ఇప్పటిదాకా మీరు చూస్తున్నది కొలతల స్వభావం కాదు, పట్టికలోని వరస క్రమం. పరీక్షకులు నిలదీస్తే ఇక్కడే నిలదీస్తారు. చుక్కలను చిత్రంగా మార్చినందుకు కాదు.

నేనైతే మొదట అంచును తీసేస్తాను. దానితో వ్యాసం 2 పాయింట్లకు, పొరలు సగటున 7కు దిగుతాయి. గీసే పనిలోనూ సగం పోతుంది. అది చాలకపోతే, మీ విషయంలో చాలదనే అనుకుంటున్నాను, హెక్స్‌బిన్ వాడండి. ప్లాట్‌ను షడ్భుజాలుగా విడగొట్టి, ఒక్కో గడిలో పడ్డ చుక్కల ఉష్ణోగ్రతల సగటును ఆ గడి రంగుగా చూపుతుంది. గ్రిడ్ సైజు 60 పెడితే ప్లాట్‌కు 4,175 షడ్భుజాలు, ఖాళీ గడులు గీయరు కాబట్టి అంతకన్నా తక్కువే. 3 లక్షల వస్తువుల స్థానంలో నాలుగు వేలంటే రాస్టర్ చేయాల్సిన అవసరమే ఉండదు, బొమ్మ మొత్తం వెక్టార్‌గానే చిటికెలో తెరుచుకుంటుంది. సగటుకు బదులు మధ్యగతం కావాలంటే గడిలోని విలువలను కుదించే ఫంక్షన్‌ను మార్చుకోవచ్చు.

హెక్స్‌బిన్‌తో పోయేది ఒక్కటే: ఒంటరి చుక్కలు. మందలో కలవకుండా దూరంగా పడ్డ కొలతలే కొన్నిసార్లు అసలు కథ చెబుతాయి, వాటిని షడ్భుజాలు మింగేస్తాయి. అందుకు ఒక మధ్యే మార్గం ఉంది. మూడు, నాలుగు కన్నా తక్కువ చుక్కలున్న గడులను గీయవద్దని చెప్పి, ఆ గడుల్లోని చుక్కలను విడిగా ఏరి, వాటిని మామూలు స్కాటర్‌గా పైన వేయడం. అవి వందల్లోనో వేలల్లోనో ఉంటాయి కాబట్టి వ్యూయర్‌కు భారం కాదు.

చుక్కలే కావాలి, ఆల్ఫా లేకపోయినా పరవాలేదు అనుకుంటే ఇంకో కిటుకు ఉంది. ప్రతి చుక్క స్థానాన్నీ ముద్రణలో తేడా కనిపించని సూక్ష్మ గడికి సవరించి, ఒకే గడిలో పడ్డవాటిలో ఒకదాన్నే ఉంచండి. బొమ్మ కంటికి మారదు. అయితే ఉంచేది చివర గీసే చుక్క కావాలి, మొదటిది ఉంచితే రంగులు తారుమారవుతాయి. ఆల్ఫా ఉన్నప్పుడు ఈ కిటుకు పనికిరాదు, ఎందుకంటే అక్కడ కింది పొరలకు కూడా లెక్క ఉంది.

ప్రశ్నకర్త

ఇద్దరికీ కృతజ్ఞతలు. వరసను కలగలిపి చూశాను. మధ్య భాగం నీలం నుంచి పసుపు ఆకుపచ్చల కలగలుపుగా మారిపోయింది. నా పట్టిక కాలక్రమంలోనే ఉంది, చివరి నెలలు చల్లనివి. ఆ నీలాన్ని ఆధారం చేసుకుని నేను గ్రంథంలో ఒక పేరా రాసి ఉన్నాను. అది తిరగరాయాలి.

రెండు ప్లాట్లను హెక్స్‌బిన్‌కు మార్చాను. మిగతా రెంటిలో విడివిడి చుక్కల వరసలే ముఖ్యం కాబట్టి వాటిని అంచు తీసేసి, వరస కలగలిపి, చుక్కలుగానే ఉంచి రాస్టరైజ్డ్ ఆప్షన్ ఇచ్చాను. పేజీ ఇప్పుడు ఒక్క సెకను లోపే తెరుచుకుంటోంది.

కాని రెండు కొత్త చిక్కులు వచ్చాయి. ముద్రణకు బాగుండాలని 600 డీపీఐ ఇచ్చాను, దాంతో చుక్కలున్న ప్లాట్లు రెండే అయినా ఫైలు దాదాపు పాత బరువుకే వచ్చి చేరింది. సరే అని దాన్ని పీడీఎఫ్ సైజు తగ్గించే ఒక పనిముట్టులో వేస్తే ఫైలు చిన్నదయింది గాని, ప్రతి చుక్క చుట్టూ మురికి పట్టినట్టు ఒక మసక వలయం కనబడుతోంది. ఎక్కడ పొరపాటు చేశాను?

జవాబు 3

రెండు చిక్కులకూ కారణాలు వేర్వేరు. మొదటిది మీరు 600 అనుకుంటున్నది నిజానికి 600 కాదు.

డీపీఐ అనేది బొమ్మ గీసిన కొలతకు వర్తిస్తుంది, పేజీలో అతికించిన కొలతకు కాదు. మీరు 12 అంగుళాలకు గీసి లేటెక్‌లో పేజీ వెడల్పుకు కుదించారు. పేజీలో రాతకు మిగిలే వెడల్పు 6 అంగుళాలు అనుకుంటే బొమ్మ సగానికి కుదించుకుపోయింది, పిక్సెళ్లు మాత్రం అన్నీ అలాగే ఉన్నాయి. అంటే కాగితం మీద 1200 డీపీఐ. 5 అంగుళాల ప్లాట్ 600 డీపీఐ వద్ద 3000 పిక్సెళ్లు. ఒక్కో ప్లాట్‌కు 90 లక్షల పిక్సెళ్లు. ఇలా చుక్కలు చల్లినట్టుండే చిత్రాలు బాగా కుదించుకోవు కూడా, ఎందుకంటే పక్కపక్క పిక్సెళ్ల మధ్య పోలిక తక్కువ. పాప్లర్ అనే పీడీఎఫ్ పనిముట్ల సంచిలో పీడీఎఫ్‌ఇమేజెస్ అనేది ఉంటుంది; దాని లిస్ట్ ఆప్షన్‌తో మీ పూర్తి గ్రంథం పీడీఎఫ్‌ను చూపిస్తే ఏ పేజీలో ఏ చిత్రం ఎన్ని పిక్సెళ్లు, పేజీ మీద దాని పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) ఎంత అన్నది పట్టికగా చెబుతుంది. బొమ్మ ఫైలును కాదు, గ్రంథాన్ని చూపించండి. అక్కడ 1200 కనబడితే నా అనుమానం నిజమైనట్టే.

దీనికి మందు బొమ్మను మొదటి నుంచే పేజీలో కనబడే కొలతకు గీయడం. 6 అంగుళాలకు గీసి 400 డీపీఐ ఇవ్వండి. పొడవులన్నీ సగమవుతాయి కాబట్టి అక్షరాల సైజు 20 పెట్టి ఉంటే 10 చేయండి, గీతల మందాలను సగం చేయండి. చుక్క సైజు దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. అది వైశాల్యం కనుక సగం కాదు, పావు వంతు చేయాలి, అంటే 4 కాస్తా 1 అవుతుంది. ఇలా చేస్తే లేటెక్‌లో కుదింపు లేకుండా అసలు కొలతతోనే చేర్చవచ్చు, బొమ్మలోని అక్షరాలు కూడా గ్రంథంలోని అక్షరాలతో సరిపోతాయి. కుదించిన బొమ్మల్లో అంకెలు చీమల్లా ఉండటానికి కారణం కూడా ఎక్కువసార్లు ఇదే.

రెండో చిక్కు జేపెగ్. మాట్‌ప్లాట్‌లిబ్ తన చిత్రాలను పీడీఎఫ్‌లో నష్టం లేని ఫ్లేట్ పద్ధతిలో పెడుతుంది. మీరు వాడిన పనిముట్టు వాటిని విప్పి జేపెగ్‌గా తిరిగి కట్టి ఉంటుంది. జేపెగ్ ఫోటోల కోసం పుట్టింది. పదునైన అంచున్న చిన్న చుక్క దానికి పడదు, చుట్టుపక్కల 8 పిక్సెళ్ల గడిలో అలల్లాంటి మచ్చలు వదులుతుంది. అలాంటి పనిముట్లలో రంగు చిత్రాలను నష్టం లేకుండా ఉంచమనే ఆప్షన్ ఉందేమో చూడండి, లేకపోతే వాడకండి. పత్రికలకు పంపినప్పుడు వారి వ్యవస్థ కూడా ఇలాగే మార్చే అవకాశం ఉంది కాబట్టి ప్రూఫ్ వచ్చినప్పుడు ఆ బొమ్మను 400 శాతానికి పెంచి చూసి తీరాలి. ఈపీఎస్ (పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో ఉండే బొమ్మ ఫైలు) అడిగే పత్రికలైతే మరో సంగతి గుర్తుంచుకోండి: పోస్ట్‌స్క్రిప్ట్‌లో పారదర్శకత అనేదే లేదు, మీ ఆల్ఫా అక్కడ ఎగిరిపోయి చుక్కలన్నీ గట్టి రంగులో వస్తాయి.

ఈ చర్చ మాట్‌ప్లాట్‌లిబ్ వాడనివారికీ కనబడుతుంది కాబట్టి నాలుగు మాటలు. ఆర్‌లో జీజీప్లాట్2 వాడేవారికి జీజీరాస్టర్ అనే ప్యాకేజీ ఉంది. అందులోని రాస్టరైజ్ ఫంక్షన్‌తో చుక్కల పొరను చుట్టి డీపీఐ చెబితే ఇదే ఫలితం వస్తుంది. ఏ ప్యాకేజీ లేకుండా కాస్త ఊరట కావాలంటే చుక్క ఆకారంగా వృత్తానికి బదులు ఫుల్‌స్టాప్ గుర్తును ఇవ్వండి, వక్రాల పని పోతుంది. లేటెక్‌లోనే పీజీఎఫ్‌ప్లాట్స్‌తో గీసేవారికి ఇబ్బంది వ్యూయర్ దాకా కూడా రాదు, లక్షల చుక్కలకు టెక్ మెమరీయే ముందు అయిపోతుంది. వారు చుక్కలను మార్జిన్లు, అక్షాలు లేని పీఎన్‌జీగా వేరే చోట గీసుకుని, పీజీఎఫ్‌ప్లాట్స్‌లో యాడ్‌ప్లాట్ గ్రాఫిక్స్ ద్వారా ఆ చిత్రం నాలుగు హద్దులనూ చెప్పి అక్షాల మధ్య పరచవచ్చు. అంకెలు, శీర్షికలు గ్రంథం ఫాంట్‌లోనే వస్తాయి, అందుకే నాకు ఈ పద్ధతి అన్నిటికన్నా ఇష్టం.

ఎస్‌వీజీ సంగతి మీరు మొదట్లో అడిగారు. ఎస్‌వీజీలో ప్రతి చుక్కా ఒక విడి ఎలిమెంట్. ఇంక్‌స్కేప్ గాని బ్రౌజర్ గాని ఒక్కోదాన్నీ ఎంచుకోవడానికి, కదపడానికి, రంగు మార్చడానికి వీలుగా మెమరీలో నిలిపి ఉంచుకుంటుంది. పీడీఎఫ్ వ్యూయర్ గీసి మరిచిపోతుంది, ఇవి మరిచిపోలేవు, అందుకే మెమరీ నిండింది. కోడ్ పోయి ఫైలు మాత్రమే మిగిలిన పాత బొమ్మలను బాగు చేయాల్సి వస్తే ఇంక్‌స్కేప్‌లో ముందు అవుట్‌లైన్ వీక్షణకు మారండి, అప్పుడు రంగులు, పారదర్శకతలు లెక్కించే పని తప్పుతుంది. చుక్కల గుంపును మాత్రమే ఎంచుకుని బిట్‌మ్యాప్ కాపీ తీసి, అసలు గుంపును తొలగించండి. 12 లక్షల దగ్గర ఇది కూడా మొరాయించవచ్చు, యాభై అరవై వేల దగ్గర మాత్రం నాకు చాలాసార్లు పనికొచ్చింది.

ప్రశ్నకర్త

మీ అనుమానమే నిజం, పీడీఎఫ్‌ఇమేజెస్ పట్టికలో ఆ రెండు చిత్రాల దగ్గరా 1200 ఉంది. 6 అంగుళాలకు తిరిగి గీసి, చుక్క సైజు 1, డీపీఐ 400 పెట్టాను. ఒక్కో ప్లాట్ ఇప్పుడు 1000 పిక్సెళ్ల చతురస్రం, బొమ్మ ఫైలు మొత్తం 2 మెగాబైట్లకు దిగింది, వలయాలు లేవు. పేజీ మిగతా పేజీల్లాగే తెరుచుకుంటోంది. ముద్రించి కూడా చూశాను, చుక్కల అంచులు చక్కగా ఉన్నాయి.

ఒక్కటి మిగిలింది. పక్కన ఉన్న కలర్‌బార్ (ఏ రంగు ఏ ఉష్ణోగ్రతో చూపే పట్టీ) తెర మీద పాలిపోయి, అడ్డంగా సన్నని తెల్ల గీతలతో కనబడుతోంది. జూమ్ మారిస్తే ఆ గీతలు చోటు మారుతున్నాయి. ముద్రణలో అవి లేవు.

జవాబు 1

పాలిపోవడం మీ ఆల్ఫా వల్ల. కలర్‌బార్ కూడా చుక్కల 0.2నే అందుకుంటుంది, దాని ఆల్ఫాను విడిగా 1 చేస్తే అసలు రంగులు వస్తాయి. గీతలు వ్యూయర్ లోపం: కలర్‌బార్ అంటే పక్కపక్కన పేర్చిన వందల చిన్న పట్టీలు, ఒక్కో పట్టీ అంచును వ్యూయర్ విడివిడిగా మెత్తబరచడంతో రెండిటి సందులోంచి కాగితం తెలుపు తొంగిచూస్తుంది. పట్టీల అంచు రంగును వాటి సొంత రంగుగా పెట్టమని చాలాచోట్ల సలహా కనబడుతుంది, అది ఆల్ఫా 1 ఉన్నప్పుడే బాగుంటుంది. ఆల్ఫా తక్కువగా ఉంటే అంచులు ఒకదాని మీద ఒకటి పడి తెల్ల గీతల స్థానంలో ముదురు గీతలు వస్తాయి. మీరు ఆల్ఫాను ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి ఆ సలహా పనిచేస్తుంది. లేదంటే కలర్‌బార్‌లో సాలిడ్స్ అనే భాగానికి చుక్కలకు ఇచ్చినట్టే రాస్టరైజ్డ్ ఆప్షన్ ఇవ్వండి, పక్కన ఉన్న అంకెలు వెక్టార్‌గానే ఉంటాయి. హెక్స్‌బిన్ ప్లాట్లలో కూడా షడ్భుజాల మధ్య ఇవే గీతలు కనబడితే మందు అదే.

ప్రశ్నకర్త

ఆల్ఫా 1 చేసి, సాలిడ్స్‌ను రాస్టర్ చేశాను. గీతలు పోయాయి. హెక్స్‌బిన్ ప్లాట్లలో ఆ ఇబ్బంది లేదు. ఇక ఆ పేరా తిరగరాసే పనిలో పడతాను.